ఖాళీ కెమెరా ముందు అవ్వ

ధర నాకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అంతే చెప్పింది. జెన్నీ నా బిడ్డ కూతురు, హైదరాబాదులో చదువుకుంటోంది. సెలవులకు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండానే సంచిలోంచి ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా తీసి నా ఒడిలో పెట్టింది. కెమెరా అట. రీలు వేసే కెమెరా. పట్టుకుంటే బరువే లేదు. గట్టిగా నొక్కితే మూత లోపలికి పోతుంది. వెనక గోరంత ఎర్రటి అద్దం, పైన రీలు తిప్పే గుండీ, ముందర గాజు కూడా కాదు, ప్లాస్టిక్ బిళ్ల. చిన్నప్పుడు నా చేతిలో ఉన్న కెమెరాకూ దీనికీ నాకు తేడా ఏమీ కనబడలేదు. అప్పుడు దాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు గానీ, ఇంత పోసి కొన్నవాళ్లను నేను చూడలేదు.

“బొమ్మ కెమెరా అమ్మమ్మా. తక్కువ పైసలల్ల రీలు ఫోటోలు ఎట్ల మొదలువెట్టాలెనో ఒకామె వీడియోల చెప్పింది. గది చూసి కొన్న,” అంది.

“గివి తక్కువ పైసలానే?”

“అసలైనవి ఇంకా పిరం అమ్మమ్మా.”

ఆ వీడియో కూడా చూపించింది. అందులో పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉపాయాలు చెబుతోంది. గడువు దాటిన రీళ్లు కొనాలట. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక రీలు పంచుకోవాలట. గుండీ నొక్కే ముందు బాగా ఆలోచించుకోవాలట, ఎందుకంటే రీలు పిరం. నేను వింటూ కూర్చున్నాను. ఇవన్నీ మాకు ఎవరూ వీడియో తీసి చెప్పలేదు. లేమి చెప్పింది. ఇప్పుడు లేమి కూడా నేర్చుకోవలసిన విద్య అయిపోయింది కాబోలు. అక్కడిదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత తను తీసిన ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే చూపించింది. ఒకదాని మీద నిలువునా ఎర్రటి చార. ఇంకోదానికి మూల మొత్తం మండిపోయినట్టు నారింజ రంగు. ఒక పిల్ల ముఖంలో సగం వెలుగులో కొట్టుకుపోయింది.

“ఇవన్ని ఖరాబైనయి గదనే,” అన్నాను.

“ఖరాబు కాదు అమ్మమ్మా, గిదే అందం. లోపటికి ఎలుగు వోయి గట్ల వస్తది. గట్ల రావాలనే కొందరు అతుకుల మీది టేపు పీకేస్తరు. నేను గూడ పీకిన.”

నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు. దానికేం తెలుసు పాపం. లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడగడం మొదలుపెట్టాను. కడుపు నిండిన బేరం అంటే ఇదే అనుకున్నాను. వెలుగు చొరబడకుండా ఒక డబ్బాను మూయడానికి మా ఇంటిల్లిపాదీ పడిన తిప్పలు నాకు తెలుసు. ఆ ఒక్క చార వల్ల మేము పోగొట్టుకున్నదేమిటో కూడా నాకు తెలుసు. జెన్నీ వెనకే వచ్చి, “ఏమైంది అమ్మమ్మా, గట్ల గరమైనవేంది?” అని అడిగింది. నేను తడి చేతితోనే ముందు గదిలో గోడ మీదున్న ఫోటోను చూపించాను.

ఆ ఫోటో మా అవ్వది. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం. వచ్చినవాళ్లందరికీ “మా అవ్వ” అనే చెబుతాను గానీ, నిజానికి అందులో అవ్వది ఏమీ లేదు. ఆ పట్టుచీర అవ్వది కాదు. ఆ మెడ అవ్వది కాదు, ఆ మెడలోని రెండు పేటల గొలుసు అంతకన్నా కాదు. కండ్లు స్టూడియో ఆయన కుంచెతో దిద్దినవి. మూసిన నోరు ఒక్కటి అవ్వదే, అదీ చనిపోయాక మూసింది. అవ్వ బతికుండగా, నవ్వుతుండగా తీసిన ఫోటో ఒకటి ఉండేది. తీసింది నేనే. దాన్ని నేను ఎన్నడూ చూడలేదు, అవ్వా చూడలేదు. ఇన్నేండ్లైనా ఆ మంట నాకు చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

మా ఇల్లు జమ్మికుంట దగ్గరి ఒక ఊళ్లో, చర్చి వెనక ఉండేది. బాపు, అంటే మా నాన్న, చర్చి చూసుకునేవాడు. ఊడవడం, గంట కొట్టడం, ఆదివారం సాయంత్రాలు పెట్రోమాక్సు వెలిగించడం ఆయన పని. దానికి జీతం పేరుకే గనుక మిగతా దినాలు కూలికి పోయేవాడు. అవ్వ పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేది. పొద్దుగూకి ఇంటికి వచ్చేసరికి నెత్తి మీద, కనుబొమల మీద, చెవుల్లో కూడా దూదే. నీళ్ల గోలెం పక్కన నిలబడి తల దులుపుకుంటే వాకిలంతా తెల్లటి నూగు పరుచుకునేది. పత్తిగింజల జిడ్డు వాసన ఆమె చీరల్లోంచి ఎంత ఉతికినా పోయేది కాదు. దానికి ఇంట్లోని కిరోసిన్ వాసన, పండుగల ముందు చర్చి గోడలకు వేసే సున్నం వాసన, పొయ్యి మీద జొన్న గట్క ఉడికే వాసన కలిసేవి. ఇప్పటికీ పత్తిగింజల చెక్క అమ్మే దుకాణం ముందు నుంచి పోతుంటే నాకు కాళ్లు సాగవు. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు.

అవ్వ పుట్టిల్లు ఖానాపూర్ దిక్కు. ఆమె మాట తీరు వేరుగా ఉండేదని మా నాయినమ్మ పెండ్లైన నాటి నుంచీ వెక్కిరించేది. పై పండ్లు కొంచెం ముందుకు ఉండేవి. దానికీ వెక్కిరింతే. అవ్వకేమో నవ్వు తొందరగా వచ్చేది. చిన్న మాటకు కూడా భుజాలు ఎగిరిపడేలా నవ్వేది. “నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మొగోన్ని నమ్మద్దన్నరు” అని నాయినమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరినీ చూడకుండా అనేది. ఆ సామెత పుట్టించినవాడెవడో గానీ, వాడి పుణ్యాన మా అవ్వ సగం జీవితం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడిపింది. చర్చిలో కొంగు, పెండ్లిలో కొంగు, చివరికి సొంత వాకిట్లో కూడా కొంగు. మిల్లులో తోటి ఆడవాళ్ల మధ్య మాత్రం కొంగు నడుముకు చుట్టి ఉండేది గనుక నోరు తెరిచి నవ్వేదట. ఆ సంగతి వాళ్లు చెప్పగా విన్నాను.

కెమెరా మాకు కోతల పండుగలో వచ్చింది. మా చర్చిలో పంట ఇంటికి వచ్చాక ఎవరి చేతనైంది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. వడ్ల బస్తా, మక్కజొన్న కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, అరిసెల డబ్బా. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వాకిట్లో హర్రాజు, అంటే వేలం, వేసేవారు. ఆ ఏడు పట్నం నుంచి వచ్చిన ఒక టీచరు తన పిల్లలు ఆడి పక్కన పడేసిన ప్లాస్టిక్ కెమెరాను కానుకగా పెట్టాడు. గుమ్మడికాయలకూ కోళ్లకూ మధ్య అది నల్లగా కూర్చుని ఉంటే నేను ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. హర్రాజు వేసే సంఘ పెద్ద దాన్ని పైకెత్తి పట్టుకుని అడిగితే ఎవరూ పలకలేదు. “రీలు లేని కెమెరాతోని ఏం జేస్తరు, కూరొండుకుంటరా?” అని మగవాళ్ల దిక్కు నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అప్పుడు ఆడవాళ్ల చాపల మీది నుంచి ఒక చెయ్యి లేచింది.

“నేను తీస్కుంట,” అంది అవ్వ.

కొంగున ముడివేసుకున్న పైసలు గుమ్మడికాయ కోసం తెచ్చినవి. ఆడమనిషి హర్రాజులో గొంతెత్తడమే వింతైతే, కూరగాయ విడిచిపెట్టి కెమెరాకు పాట పాడడం ఇంకా పెద్ద వింత. ఇంటికి నడిచినంత సేపూ నాయినమ్మ ఊరుకోలేదు. “గుమ్మడికాయ తెమ్మంటె పిలాస్టిక్ డబ్బ తెచ్చింది. పొద్దుగూకి గదే తినుండ్రి,” అంది. అవ్వ నడక ఆపకుండానే, “పిల్ల మందిరంల కూసున్నంత సేపు దాని దిక్కే చూసింది అత్తా. గుమ్మడికాయ మళ్ల కాస్తది,” అంది. అంతకు మించి అవ్వ నాయినమ్మకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

కెమెరా వచ్చింది గానీ రీలు లేదు. బండి ఉండి ఎద్దులు లేనట్టు. రీలు ధర కనుక్కుని వచ్చిన బాపు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అయినా నేను ఊరుకున్నానా? ఖాళీ కెమెరాతోనే ఊరంతా తిరిగాను. మా వాడలో అది ఖాళీదని తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, పిల్లల ముక్కులు తుడిచి వచ్చి నిలబడేవారు. టిక్కుమని చప్పుడైతే చాలు, తృప్తిగా పోయేవారు. ఖాళీ కెమెరాలో గుండీ సులువుగా, గిరగిరా తిరిగేది. రీలుంటే అది బరువుగా తిరుగుతుందనీ, లోపల రీలుకు చుట్టిన కాగితం గరగరమంటుందనీ నాకు తర్వాత తెలిసింది.

ఆ ఖాళీ కెమెరా ముందు మా అవ్వ చేసిన చేష్టలు చూడాలి. మిల్లు నుంచి వచ్చి, తల దులుపుకుని, నులక మంచం మీద కూర్చుని, “తియ్యే బిడ్డా, ఖాళీదే గద” అనేది. ఇక మొదలు. మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య లోపలికి వచ్చే తీరు ఒకసారి. మిల్లు మేస్త్రి మీసం సవరించుకునే తీరు ఒకసారి. నాయినమ్మ ఇంట్లో లేదని రెండుసార్లు చూసుకుని, నాయినమ్మ మూతి తిప్పుకునే తీరు. చేసి, తన చేష్టకు తనే నవ్వేది. కొంగు ఎటు పోయిందో కూడా చూసుకునేది కాదు. ఖాళీ కెమెరా తన ముఖాన్ని పట్టుకుని ఎవరికీ చూపించదు గనుక ఆమెకు దాని ముందు భయం లేదు. నేను టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉండేదాన్ని. నొక్కినప్పుడల్లా నాకు ఒకటే బాధ, ఇదంతా పోతోంది కదా అని. అవ్వ నవ్వు ఒక్కటి కాగితం మీద పట్టాలని అప్పుడే మనసులో పెట్టుకున్నాను.

రీలు కోసం పత్తి ఏరాను. పత్తి తీసే కాలంలో జమ్మికుంట మార్కెట్టుకు పోయే బండ్లు మా ఊరి బాట మీదే వరుస కట్టేవి. బస్తాలు దాటి ఉబ్బిన పత్తి బాట పక్కన తుమ్మకంపలకు తగులుకుని వేలాడేది. పొద్దున్నే లేచి దాన్ని ఏరి, నలకలు తీసి, దుకాణంలో ఇస్తే తూకానికి ఏదో ఇచ్చేవాడు. చేతులన్నీ ముండ్ల గీతలు. ఒక బండి ఆయన తన పత్తి దొంగిలించానని చెర్నాకోల ఎత్తాడు కూడా. కంపకు తగిలినదాన్ని ఆయన దిగి ఏరుకుంటాడా? ఏరుకోడు. అయినా మేము ఏరుకుంటే మాత్రం ఓర్వలేడు. ఎట్లాగైతేనేం, సీజను అయిపోయేలోగా రీలు కొన్నాను. బాపు ముందుగా కెమెరా అతుకులు చూసి, సందుల్లోంచి వెలుగు పోతుందని పట్టుకున్నాడు. చర్చిలోని పాడైన గొడుగు నుంచి నల్లగుడ్డ కోసి, చింతగింజల గంజి కాచి, అతుకులన్నిటికీ శ్రద్ధగా అంటించాడు. వెలుగు తగలకుండా ఉంటుందని అవ్వ దాన్ని జొన్నల గుమ్మిలో దాచమంది. జొన్నల్లోని పురుగులు, బొద్దింకలు ఆ గంజిని తింటాయని మాలో ఎవరికీ తోచలేదు. తిండి వస్తువుతో అంటించి, తిండి గింజల్లో దాచడం మాలాంటివాళ్లే చేస్తారు. మాకు తెలిసిన జిగురు అదొక్కటే, మాకు తెలిసిన భద్రమైన చోటు అదొక్కటే.

రీలు వేశారని వాడంతా తెలిసింది. తెలిసిన క్షణం నుంచి అందరూ కట్టెలైపోయారు. అయ్యగారు చర్చి మెట్ల మీద రాయిలా నిలబడ్డాడు. బాపు గంట తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. తమ్ముడు దానియేలు ఏడ్చాడు. నాయినమ్మ దేనికోసమో ఎవరిమీదో కోపంగా కూర్చుంది. అవ్వను పిలిస్తే వచ్చి, కొంగు నోటి మీదికి లాక్కుని, తల దించుకుని నిలబడింది. “నవ్వే అవ్వా” అంటే, “రీలున్నది గదనే, వద్దు” అంది. నొక్కాను గానీ అది నాకు కావలసిన ఫోటో కాదు. చివరి ఒక్క ఫోటో మిగిలినప్పుడు ఆపేశాను. రీలు అయిపోయిందని అందరికీ చెప్పాను.

కొన్ని దినాల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అవ్వ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. నేను కెమెరా పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. “మళ్ల మొదలువెట్టినవా?” అంది. “ఖాళీదే అవ్వా,” అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి నమ్మింది. ఆ పొద్దు ఆరాధనలో హర్రాజు పెద్దాయన పాట పాడుతుంటే గొంతు కీచుమన్న తీరు చేసి చూపించింది. అదే సమయానికి మంచం కింద ఉన్న కోడి కూడా కీచుమంది. ఇక చూడండి, అవ్వ తల వెనక్కి వేసి, రెండు చేతులూ మంచం పట్టె మీద పెట్టి నవ్వింది. పండ్లన్నీ కనబడ్డాయి. జుట్టులో దూది మెరిసింది. నేను నొక్కాను. అంత నిండుగా మనిషి నవ్వడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రీలు కడగడానికి ఇచ్చి, చెప్పిన నాడు నేనూ అవ్వా కలిసే జమ్మికుంట స్టూడియోకు పోయాం. అది ఏ స్టూడియోనో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు, అదీ లేదు, ఆయనా లేడు. లోపల పుల్లటి మందు వాసన. గోడకు మేడా, హంసలూ గీసిన తెర. ఆయన కాగితపు కవరు మా ముందుకు తోశాడు. అందులో అయ్యగారున్నాడు, బాపు ఉన్నాడు, నాయినమ్మ ఉంది, కొంగు కింద తల దించుకున్న అవ్వ ఉంది. మంచం మీది అవ్వ లేదు.

“మా అవ్వ మంచం మీద కూసున్న ఫోటో ఏది?” అని అడిగాను.

“గదా? గది ఖరాబైంది. పక్కకెల్లి ఎలుగు వడి మొఖం మీదికెల్లి తెల్లగ చార వోయింది. పైకెల్లి నోరంత తెరిచి, పండ్లు బయటవెట్టి ఉన్నది. గసొంటివి కడిగిస్తె మా స్టూడియో పేరు ఖరాబైతది,” అన్నాడు. అంటూ అవ్వ ముఖం చూశాడు. చూసి పోల్చుకున్నాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అవ్వ కొంగు మెల్లగా నోటి మీదికి వచ్చింది.

“రీలు ముక్కన్న ఇయ్యి,” అన్నాను.

“కోసి పారేసిన. పొద్దుగాల ఊడ్చి తగలవెట్టిండ్రు.”

ఆ కొంగును మళ్లీ నోటి మీదికి తెచ్చింది ఎవరు? బాట పక్క ముండ్లలో పత్తి ఏరి కొన్న రీలది. అందులో ఏది ఉంచాలో ఏది పారేయాలో చెప్పడానికి ఆయనెవరు? పెద్దింటివాళ్ల పెండ్లి ఫోటోలో పెండ్లికూతురు కండ్లు మూసుకుంటే దాన్ని అట్లా పారేసేవాడా? పిలిచి, చూపించి, “అమ్మా, ఏం చేయమంటారు” అని అడిగేవాడు. మమ్మల్ని అడగాలని ఆయనకు తోచలేదు. నాకు అరవాలనిపించింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. మార్కెట్టు దాటాక, “ఖాళీదంటివి గదనే,” అంది. కోపం లేదు గొంతులో. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఊరి బాట పట్టాక మళ్లీ తనే అంది. “నేను నవ్వితె ఎట్లుంటనో నేనెన్నడు సూడలే. జర సూపిచ్చి పారేస్తె ఆయనదేం వోతుండె.”

ఇంటికి వచ్చి చూస్తే గొడుగు గుడ్డ ఒక పక్క ఊడి ఉంది. గంజి అంతా పురుగులు తినేశాయి. బాపు మళ్లీ అంటించాడు గానీ, అవ్వ మళ్లీ కెమెరా ముందు కూర్చోలేదు. ఖాళీదైనా సరే.

అవ్వకు దమ్ము వచ్చింది. మిల్లు దూది ఊపిరిలో పేరుకుంటే రాక ఏమవుతుంది? నేను కరీంనగర్‌లో టీచరు ట్రైనింగులో ఉండగా కబురు వచ్చింది. పోయేసరికి పెట్టెలో పడుకోబెట్టి ఉంది. బతికున్నప్పుడు ముఖం కనబడే ఒక్క ఫోటోకు నోచని మనిషికి చనిపోయాక ఫోటో ఉండాలని అందరూ పట్టుబట్టారు. మా దిక్కు అది రివాజు. పెట్టెను గోడకు ఏటవాలుగా నిలబెట్టి, చుట్టూ మమ్మల్ని నిలబెట్టి తీశారు. వచ్చినవాడు అదే స్టూడియో ఆయన. నెల దాటాక బాపు ఆ ఫోటోలోంచి అవ్వ ముఖాన్ని వేరు చేసి పెద్దది చేయించాడు. స్టూడియో ఆయన తన దగ్గర సిద్ధంగా ఉన్న ఏదో పట్టుచీర బొమ్మకు అవ్వ ముఖం అతికి, మెడలో గొలుసు దిద్ది, మూసిన రెప్పల మీద కండ్లు గీశాడు. అలవాటు కొద్దీ నుదుట ఇంత బొట్టు కూడా పెట్టాడు. మా అవ్వ ఎన్నడూ బొట్టు పెట్టుకోలేదు. బాపు మొహమాటపడుతూ చెప్తే చెరిపాడు. చెరిపిన చోట తెల్లటి మచ్చ ఇప్పటికీ ఉంది.

చచ్చినోని కండ్లు చారెడు అని ఊరికే అన్నారా. ఆ గీసిన కండ్లు చూసి చుట్టాలందరూ మెచ్చుకున్నారు. అవ్వ పేరు పెట్టి, “ఏస్తేరమ్మ రాణి లెక్కున్నది” అన్నారు. వెక్కిరించిన నాయినమ్మే దండ వేయించింది. ఫోటో దిగడం వల్లే ఆయుష్షు తగ్గిందని మా వాడలో ఒకామె అంటే, నేను ఆమెతో తగువు పెట్టుకున్నాను. రాని ఫోటోకు ఆయుష్షు ఎట్లా పోతుంది? ఆయుష్షు మింగింది మిల్లు. ఆ మాట ఎవరికీ వినబడలేదు. అప్పుడు మంచి ఫోటో అంటే ఇదీ. చచ్చిన ముఖం, ఎవరిదో ఒళ్లు, ఎవరివో నగలు. చార లేదు, పండ్లు లేవు, నవ్వు లేదు. స్టూడియో పేరు చెడలేదు.

ఇదంతా జెన్నీకి ఆ మధ్యాహ్నం చెప్పాను. చెప్పానంటే కోప్పడ్డాను. ఎవరి మీదో తెలియక దాని మీదే కోప్పడ్డాను. “మీకు అందమైందని గిప్పుడు పైసలు వోసి తెచ్చుకుంటున్నరు గద, గా చారే. మాకు వస్తె పెంటల వారేసిండ్రు. చార మారలే. కడిగియ్యమన్నదెవలో అండ్లనే ఉన్నది తేడా అంతా,” అన్నాను. పిల్ల లేచి పోయి గోడ మీది ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. నుదుటి మీది మచ్చను గాజు మీదనే వేలితో తడిమింది.

మరునాడు పొద్దున నేను వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయ తుంచుతున్నాను. జెన్నీ కెమెరా పట్టుకుని ఎదురుగా గడప మీద కూర్చుంది. నా చెయ్యి తనంతట తానే కొంగు మీదికి పోయింది. అవ్వ పండ్లు నాకూ వచ్చాయి. బడిలో ముప్ఫై ఏండ్లు పాఠాలు చెప్పినదాన్ని, గ్రూపు ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నా నోరు తెరిచి ఉండదు. నాయినమ్మ పోయి ఎంత కాలమైంది, ఆమె సామెత మాత్రం నా నోటి మీద ఇంకా కూర్చునే ఉంది.

“ఊకె కూసో అమ్మమ్మా. ఇంక రీలు ఎయ్యలే. ఖాళీదే,” అంది.

నేను దాన్ని చూశాను. అది కండ్లు తిప్పుకోలేదు.

“మీ నాయినమ్మ మూతి ఎట్ల తిప్పుతుండెనో మీ అవ్వ చేసి చూపిచ్చిందన్నవు గద,” అంది. “జర చెయ్యి, చూద్దాం.”

చేశాను. ఈ వయసులో, చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని, మూతి తిప్పి చూపించాను. ఎదురింటామె ముగ్గు గిన్నెతో నిలబడి నన్నే చూస్తోంది. ఆమె ముఖం చూసేసరికి నాకు నవ్వు ఆగలేదు. తల వెనక్కి పోయింది, చిక్కుడుకాయలు ఒడిలోంచి జారిపడ్డాయి. టిక్కుమంది. తర్వాత పిల్ల గుండీ తిప్పింది. అది గిరగిరా తిరగలేదు. బరువుగా, ఆగి ఆగి తిరిగింది. లోపల కాగితం గరగరమంది. ఆ చప్పుడు విని ఎన్నేండ్లైనా నా చెవి మరిచిపోలేదు. జెన్నీ కిందపడిన కాయలు ఏరి నా ఒడిలో వేసింది.

ఆ రీలును పట్నంలో ఎక్కడో కడిగించి, ఫోటోను పెద్దగా అచ్చు వేయించి పంపింది. నిన్న చుట్టపుచూపుగా పెద్దపల్లి నుంచి మా తమ్ముడు దానియేలు వచ్చాడు. కవరు చింపి తనే ముందుగా చూశాడు. నా ముఖం మీదుగా, ఒక చెంప నుంచి ఇంకో చెంప దాకా, ఎర్రటి చార. దాని కింద నోరంతా తెరిచి, పండ్లన్నీ బయటపెట్టి నేను. ఒక్క క్షణం నాకు అందులో ఎవరున్నారో తెలియలేదు.

“ఖరాబైంది గదక్కా,” అన్నాడు తమ్ముడు. “మొఖం మీదికెల్లి ఏందో ఎర్రగ వోయింది. నోరు గూడ మంచిగ లేదు. తియ్యి, మా పోరడు ఫోన్ల సాఫ్ జేస్తడు. నోరు మూసినట్టు గూడ చేస్తడు.”

ఫోటో వాడి చేతిలోంచి లాక్కున్నాను. అవ్వ పట్టుచీర ఫోటోను మేకు మీది నుంచి దించి బల్ల మీద పెట్టి, ఆ మేకుకే దీన్ని తగిలించాను. తమ్ముడు నోరు తెరిచి చూస్తున్నాడు.

“దాన్ని ముట్టుకున్నోని చెయ్యి ఇరుగుతది,” అన్నాను. “నేను పోయిన్నాడు గిదే పెట్టుండ్రి. నాకు ఎవ్వలు కండ్లు గియ్యద్దు. తెరిచే ఉన్నయి, చూడు.”